పూల్‌లో ఒకేసారి ఎంతమంది దిగొచ్చు? లెక్క పంపు రూమ్‌లో మొదలుపెట్టండి

ప్రశ్న క్లుప్తంగా: హైదరాబాద్‌లో 240 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. పూల్ 50 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు. లోతు ఒక కొస 3 అడుగులు, రెండో కొస 5 అడుగులు, మధ్యలో ఒకే వాలు. 900 ఎంఎం వ్యాసం ఉన్న సాండ్ ఫిల్టర్ ఒకటి, పంపులు రెండు (ఒకటి స్పేర్). పూల్ ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 9 వరకు తెరిచి ఉంటుంది. ఎండాకాలంలో సాయంత్రం 6 నుంచి 8 మధ్య గంటకు 60 మంది దాకా దిగుతున్నారు. నీళ్లు తెల్లగా మసకబారుతున్నాయి, పిల్లల కళ్లు మండుతున్నాయి. బోర్డు మీద ఎంతమంది అని రాయాలి?

సమాధానం:

ముందే చెప్పేస్తాను: ప్రస్తుతం మీ పూల్‌కి గంటకు 12 మంది. 60 కాదు, 40 కూడా కాదు. ఈ మాట కమిటీ మీటింగ్‌లో ఎవరికీ నచ్చదు కాబట్టి, అంకె ఎలా వచ్చిందో మీరే కాగితం మీద వేసి చూపించగలిగేలా రాస్తున్నాను.

పూల్ సామర్థ్యం అనగానే అందరూ పొడవు వెడల్పులు గుణిస్తారు. అది మూడు లెక్కల్లో ఒకటి మాత్రమే. మనుషులు ఒకరికొకరు తగలకుండా ఉండటానికి స్థలం ఎంత, వాళ్లు చేసే మురికిని ఫిల్టర్ ఎంత తీయగలదు, ఒడ్డున నిలబడ్డవాళ్లు ఎంతమందిని కనిపెట్టగలరు - ఈ మూడూ విడివిడిగా వేసి, వాటిలో అన్నిటికంటే చిన్న అంకెను తీసుకోవాలి. అపార్ట్‌మెంట్ పూల్స్‌లో ఆ చిన్న అంకె దాదాపు ఎప్పుడూ పంపు రూమ్ నుంచే వస్తుంది. అక్కడికే ఎవరూ వెళ్లి చూడరు.

స్థలం లెక్క

మీ పూల్ 1250 చదరపు అడుగులు, అంటే 116 చదరపు మీటర్లు. బ్రిటన్‌లో పూల్ నీటి నిర్వహణకు ప్రమాణాలిచ్చే పీడబ్ల్యూటాగ్ లోతును బట్టి స్థలం చెబుతుంది: మీటరు కంటే తక్కువ లోతులో మనిషికి 2.2 చదరపు మీటర్లు, మీటరు నుంచి మీటరున్నర దాకా 2.7, అంతకు మించిన లోతులో 4. లోతు పెరిగేకొద్దీ ఎక్కువ స్థలం ఎందుకంటే, నిలబడేవాడికి కావలసిన చోటు వేరు, ఈదుతూ చేతులు కాళ్లు చాపేవాడికి కావలసిన చోటు వేరు.

మీ వాలు 50 అడుగుల్లో 2 అడుగులు, అంటే 25 అడుగులకు ఒక అడుగు. లోతు తక్కువ కొస నుంచి 7 అడుగులు నడిచేసరికి లోతు మీటరు అవుతుంది. ఆ 7 అడుగుల పట్టీ 175 చదరపు అడుగులు, అంటే 16.3 చదరపు మీటర్లు, అందులో 7 మంది. మిగతా 43 అడుగుల భాగం దాదాపు 100 చదరపు మీటర్లు, అందులో 37 మంది. (చివరి రెండడుగులు మీటరున్నర దాటుతాయి గానీ దానివల్ల తేడా ఒక్క మనిషి కూడా ఉండదు.) మొత్తం 44. బ్రిటన్ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ చెప్పే సాదా లెక్క మనిషికి 3 చదరపు మీటర్లు, దాని ప్రకారం 38. అమెరికా మోడల్ ఆక్వాటిక్ హెల్త్ కోడ్‌లో మామూలు పూల్‌కి మనిషికి 20 చదరపు అడుగులు, దాని ప్రకారం 62. ఎవరైనా ఈ 62 చూపించి "మన 60 మంది లోపలే ఉన్నారుగా" అంటే, అది స్థలానికి సంబంధించిన గరిష్ఠం మాత్రమేనని, మీ ఫిల్టర్ సంగతి దానికి తెలియదని చెప్పండి.

స్థలానికి 38 అని పెట్టుకుందాం. కానీ ఈ అంకె పెద్దవాళ్లకే. పిల్లల బ్యాచ్‌కి మళ్లీ వేయాలి, ఎందుకంటే లోతు అనేది టేపుతో కాదు, దిగేవాడి ఎత్తుతో కొలవాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడి ఎత్తు దాదాపు 4 అడుగులు. మీటరు లోతు అంటే వాడికి భుజాల దాకా నీళ్లు. అక్కడి నుంచి ముందుకు జారుతూ పోతే వాడి వరకు అది లోతు నీరే. ఈత రాని పిల్లలకు మీ పూల్‌లో నిలబడే చోటు ఆ 7 అడుగుల పట్టీ ఒక్కటే, అందులో 7 మంది. 1250 చదరపు అడుగుల పూల్ చూస్తే ఇది నమ్మబుద్ధి కాదు గానీ నిజం. 7 అడుగుల గీత దగ్గర అడ్డంగా ఫ్లోట్లున్న తాడు కట్టండి. సమ్మర్ క్యాంప్ కోచ్ 20 మంది చిన్నపిల్లలను ఒకే బ్యాచ్‌లో తీసుకుంటానంటే ఒప్పుకోవద్దు. ఆరేడేళ్ల వాళ్లకు ఆ 7 కూడా ఎక్కువే.

నీటి లెక్క

ప్రతి మనిషీ నీళ్లలోకి చెమట, చర్మం పొడి, నూనె, కొంత మూత్రం తెస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో మూత్రం లెక్క మనిషికి సగటున 25 నుంచి 30 మిల్లీలీటర్లు అని ఉంది, ఇది పిల్లల గురించి మాత్రమే చెప్పింది కాదు. ఈ సరుకు మీద క్లోరిన్ ఖర్చవుతుంది, ఖర్చయ్యాక క్లోరమిన్లుగా మిగులుతుంది. కళ్లు మండటం, ముక్కు పుటాలకు తగిలే ఆ ఘాటు వాసన వీటివే. దాన్ని చూసి "క్లోరిన్ ఎక్కువైంది" అని ఆపరేటర్ ఆ రోజు మోతాదు తగ్గిస్తాడు. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: పనిచేసే క్లోరిన్ అయిపోయింది కాబట్టే ఆ వాసన.

పీడబ్ల్యూటాగ్ సూత్రం చాలా తేలిక. ఒక్కో మనిషికి గంటకు 1.7 క్యూబిక్ మీటర్ల (1700 లీటర్ల) నీరు ఫిల్టర్ గుండా తిరగాలి. జర్మనీ ప్రమాణం డిన్ 19643 ఇంకా కఠినం, మామూలు క్లోరిన్ పూల్‌కి మనిషికి 2 క్యూబిక్ మీటర్లు. అంటే గంటకు మీ పంపు తిప్పే నీటిని 1.7తో భాగిస్తే మీ అంకె వచ్చేస్తుంది.

మీ పూల్ సగటు లోతు 4 అడుగులు. 5000 ఘనపుటడుగులు, అంటే 141.6 క్యూబిక్ మీటర్లు, లక్షా నలభై ఒక్క వేల లీటర్ల పైచిలుకు. ఇలాంటి పూల్స్‌కి బిల్డర్లు సాధారణంగా 6 గంటల టర్నోవర్‌కి (పూల్‌లో ఎంత నీరుందో అంత నీరు ఫిల్టర్ గుండా తిరగడానికి పట్టే సమయం) డిజైన్ చేయిస్తారు: 141.6ను 6తో భాగిస్తే గంటకు సుమారు 24 క్యూబిక్ మీటర్లు. 900 ఎంఎం ఫిల్టర్‌తో ఇది సరిపోతుంది కాబట్టి మీదీ అదే అయి ఉండాలి. 24ను 1.7తో భాగిస్తే 14 మంది.

అయితే 24 అనేది పంపు కొత్తది, ఇసుక శుభ్రంగా ఉన్నప్పటి మాట. అసలు ఇప్పుడు ఎంత తిరుగుతోందో కొలవాలి. పైపుకి ఫ్లో మీటర్ ఉండి, దాని గొట్టం పాకర పట్టి చదవలేని స్థితిలో లేకపోతే పని అయిపోయినట్టే. లేకపోతే ఇలా చేయండి:

1. పంపు నడుస్తుండగా ఫిల్టర్ ముందున్న ప్రెషర్ గేజ్ చూడండి. 1 కేజీ అంటే 10 మీటర్ల హెడ్ (ఒత్తిడిని నీటి ఎత్తుగా చెప్పే కొలత). ఉదాహరణకు 1.2 చూపిస్తే 12 మీటర్లు.
2. పంపు సక్షన్ వైపు, అంటే నీటిని లాగే వైపు, వాక్యూమ్ గేజ్ పెట్టించండి. పాదరసం ఒక్కో అంగుళానికి 0.345 మీటర్లు. 6 అంగుళాలు చూపిస్తే 2 మీటర్లు.
3. రెండూ కలిపితే 14 మీటర్లు. పంపు కంపెనీ ఇచ్చే గ్రాఫ్‌లో (కర్వ్) 14 మీటర్ల దగ్గర గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్లో చదవండి. హెచ్‌పీ ఒకటే అయినా మోడల్ మారితే కర్వ్ మారిపోతుంది కాబట్టి, నేమ్ ప్లేట్ మీదున్న మోడల్ నంబర్‌దే తీసుకోండి.

పైపు మీద బయటి నుంచి బిగించే అల్ట్రాసోనిక్ మీటర్ ఉన్న టెక్నీషియన్ దొరికితే ఒక పూట పిలిపించి కొలిపించుకోవడం ఇంకా మంచిది. వాడుకలో ఉన్న ఫిల్టర్‌కి 24 బదులు 20 వస్తే ఆశ్చర్యపోవాల్సింది లేదు. 20ను 1.7తో భాగిస్తే 11.8. పైన నేను చెప్పిన 12 ఇదే. మీరు కొలిచాక ఇంకో అంకె వస్తే దాన్నే వాడండి.

ఇప్పుడు మీ సాయంత్రం సంగతి. గంటకు 60 చొప్పున రెండు గంటలు, 120 మంది. వాళ్లకు కావలసింది 204 క్యూబిక్ మీటర్లు. పంపు తిప్పింది 40. మిగతా 164 బాకీ. ఆ బాకీ తీరాలంటే గంటకు 20 చొప్పున ఇంకో 8 గంటలు నడవాలి. అదీ కాగితం మీద మాత్రమే. ఫిల్టరై వచ్చిన నీరు మళ్లీ మురికి నీళ్లలోనే కలుస్తుంది కాబట్టి, ఒక పూర్తి టర్నోవర్‌లో పూల్ నీటిలో 63 శాతమే ఫిల్టర్ గుండా వెళ్తుంది. రెండు టర్నోవర్లకు 86, మూడింటికి 95, నాలుగింటికి 98 శాతం. కరెంటు బిల్లు కోసం రాత్రి 9కి పంపు కట్టేస్తే, పొద్దున 6 గంటల బ్యాచ్ దిగేది నిన్నటి నీళ్లలోనే.

ఇక్కడ మన దగ్గర బాగా ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. నీళ్లు మసకబారగానే రాత్రి పటిక చల్లి, పంపు ఆపేసి, అడుగున పేరుకున్నదాన్ని తెల్లవారి వాక్యూమ్ చేసి బయటికి వదిలేస్తారు. నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. ఎప్పుడో ఒకసారి శుభ్రం చేయడానికి ఇది పనికొస్తుంది. వారంలో నాలుగు రోజులు ఇదే చేస్తున్నారంటే మాత్రం మీ ఫిల్టర్‌కి మించిన జనం దిగుతున్నట్టు. పైగా ఆ రాత్రంతా ఫిల్ట్రేషన్ లేదు, క్లోరిన్ కలవడం లేదు.

రోజు మొత్తానికి

12 మంది చొప్పున 9 గంటలూ నింపితే 108. అలా నింపకూడదు. గరిష్ఠ లోడును తెరిచి ఉండే గంటలతో గుణించి, అందులో 25 నుంచి 50 శాతం దగ్గర రోజువారీ లోడు ఉండాలన్నది పీడబ్ల్యూటాగ్ పద్ధతి. సగం అంటే మీకు రోజుకు 54 మంది. వారాంతాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటే 80 దాకా పోనివ్వవచ్చని నా అభిప్రాయం, కానీ రెండు షరతులు: ఆ రాత్రి పంపు ఆపకూడదు, తెల్లారి నీటి పరీక్షలు సరిగ్గా రావాలి. రాకపోతే మరుసటి రోజు ఉదయం పూల్ మూసి ఉంచాలి.

ఇంకో ఖర్చు చాలామంది లెక్కలోకి తీసుకోరు. మనిషికి రోజుకు 30 లీటర్ల పాత నీరు తీసేసి కొత్త నీరు పోయాలి. 54 మందికి 1620 లీటర్లు. కరిగిపోయిన లవణాలు, క్లోరిన్ వాడకంతో మిగిలే పదార్థాలు ఫిల్టర్‌కి చిక్కవు, వాటికి ఇదొక్కటే దారి. 24 క్యూబిక్ మీటర్ల పంపుతో 4 నిమిషాలు బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి తిప్పి ఫిల్టర్ ఇసుకను కడగడం) చేస్తే 1600 లీటర్లు పోతాయి కాబట్టి, ఆ నీటినీ ఇందులో జమ కట్టుకోవచ్చు. మే నెలలో ట్యాంకర్ నీళ్లు కొనే కమ్యూనిటీలో 120 మందికి రోజుకు 3600 లీటర్లు ఎవరూ పోయరు. టీసీసీఏ 90 అనే క్లోరిన్ బిళ్లలు వాడేచోట దీని ఫలితం ఇంకా చెడ్డది: ఆ బిళ్లల నుంచి ప్రతి 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) క్లోరిన్‌తో పాటు సుమారు 6 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం వస్తుంది, అది ఎండకు పోదు, ఖర్చు కాదు, పేరుకుంటుంది. 100 దాటిందంటే మీటర్‌లో క్లోరిన్ కనిపిస్తుంది గానీ క్రిములను చంపే వేగం బాగా పడిపోతుంది. నెలకోసారి కొలిపించండి, 50 లోపల ఉంచండి.

పెద్ద పంపు బిగిస్తే సరిపోదా?

సరిపోదు, ప్రమాదం కూడా. స్పేర్ పంపును కూడా ఆన్ చేసి రెండూ కలిపి నడిపితే ఏమవుతుందో చూడండి. 900 ఎంఎం ఫిల్టర్ విస్తీర్ణం 0.636 చదరపు మీటర్లు. గంటకు 24 పంపితే నీటి వేగం గంటకు 38 మీటర్లు, ఇప్పటికే ఎక్కువ వైపే. రెండు పంపులతో 36 వచ్చిందనుకుంటే 57 మీటర్లు. ఆ వేగానికి నీరు ఇసుకలో దారులు చేసుకుని, పట్టిన మురికిని కూడా తోసుకుంటూ తిరిగి పూల్‌లోకి వచ్చేస్తుంది. పంపు బలం పెరిగి నీళ్లు ఇంకా మసకబారడం అందుకే.

దీనికంటే పెద్ద విషయం అడుగున ఉన్న మెయిన్ డ్రెయిన్ జాలీ. అక్కడ లాగే నీటి వేగం సెకనుకు అర మీటరు దాటకూడదు. ఒకటే డ్రెయిన్ ఉండి, జాలీ సగం మూసుకుపోయి, పెద్ద పంపు లాగుతుంటే పిల్లల జుట్టు, చేయి, పొట్ట అతుక్కుపోతాయి, మనిషి బలంతో విడిపించలేం. కనీసం 3 అడుగుల దూరంలో రెండు డ్రెయిన్లు, ఒకే పైపుకి కలిసి, మధ్యలో విడివిడి వాల్వులు లేకుండా ఉండాలి. జాలీ పగిలినా, స్క్రూ ఊడినా, ఆ క్షణమే పంపు ఆపి అందరినీ పైకి రప్పించాలి. కొత్త జాలీ వచ్చేదాకా ఒక్కరు కూడా దిగకూడదు.

నిజంగా సామర్థ్యం పెంచాలంటే పక్కనే ఇంకో 900 ఎంఎం ఫిల్టర్, దానికి దాని పంపు పెట్టి మొత్తం 48కి తీసుకెళ్లాలి. అప్పుడు టర్నోవర్ 3 గంటల లోపు, అంకె 28 మంది. కానీ ముందు స్లాబ్ కింద వేసిన పైపు చూసుకోండి. 48 క్యూబిక్ మీటర్లు 4 అంగుళాల పైపులో సెకనుకు 1.7 మీటర్ల వేగంతో పోతాయి, సక్షన్‌కి అదే అంచు. 3 అంగుళాల పైపైతే 2.6 దాటుతుంది, పంపు గాలి పీల్చి మొత్తుకుంటుంది తప్ప నీళ్లు రావు. అలాంటిచోట సక్షన్ లైన్ మార్చకుండా ఫిల్టర్ కొంటే డబ్బు దండగ.

అంతకు ముందు ఉన్న ఫిల్టర్‌నే తెరిచి చూడండి. పై పొరలోంచి గుప్పెడు ఇసుక తీసి నలపండి. వేళ్ల మధ్య నుంచి పొడిపొడిగా జారితే బాగున్నట్టు. జిడ్డుగా ముద్ద కడుతుంటే, బఠాణీ గింజంత ఉండలు తగులుతుంటే అది జుట్టు నూనె. కొబ్బరి నూనె రాసుకుని, షవర్ కింద ఒక నిమిషం కూడా నిలబడకుండా దిగే తలల నుంచి వచ్చింది. బ్యాక్‌వాష్ నీళ్లతో ఈ జిడ్డు పోదు. ఫిల్టర్ క్లీనర్‌తో నానబెట్టాలి, లేకపోతే ఇసుక మార్చాలి. ఇసుక ఎలాగూ 5 నుంచి 7 ఏళ్లకోసారి మార్చాల్సిందే. సబ్బుతో స్నానం చేశాకే ప్రవేశం అన్న నియమం మీ సామర్థ్యాన్ని పైసా ఖర్చు లేకుండా కాపాడుతుంది. కాటన్ టీషర్టులు, చున్నీలు, చీరలతో దిగనివ్వకండి. వాటి పీచు హెయిర్ స్ట్రెయినర్‌ని (పంపు ముందు జుట్టును పట్టే జల్లెడ) అడ్డుకుంటే ఫ్లో గంటలోనే పడిపోతుంది.

చూసేవాళ్ల లెక్క

లైఫ్‌గార్డ్‌కి 10/20 కొలత ఉంది: తన పరిధిలో ఎవరు ఆపదలో ఉన్నా 10 సెకన్లలో గుర్తించాలి, మరో 20 సెకన్లలో చేరాలి. మునిగేవాళ్లు సాధారణంగా అరవరు, చేతులు ఊపరు. నోరు నీటి మట్టం దగ్గరే తేలుతూ మునుగుతూ ఉంటుంది, 20 నుంచి 60 సెకన్లలో కిందికి వెళ్లిపోతారు. 60 మంది ఉన్న పూల్‌లో, పైగా మసక నీళ్లలో, ఒక మనిషికి ఇది సాధ్యం కాదు. 14 మంది దాకా ఒక గార్డ్, అది దాటితే ఇద్దరు, పిల్లల బ్యాచ్ ఉంటే ఎంతమంది ఉన్నా ఇద్దరు అని పెట్టుకోండి. కోచ్‌ని గార్డ్‌గా లెక్కించొద్దు, ఆయన కళ్లు తను నేర్పే పిల్లవాడి మీద ఉంటాయి. నేర్చుకునేవాళ్లకు బ్రిటన్‌లో ఒక టీచర్‌కి 12 మంది దాకా అనుమతిస్తారు. మన అపార్ట్‌మెంట్ కోచింగ్‌లకు 8 మించకూడదని నేను గట్టిగా చెబుతాను.

అమలు

45 నిమిషాల స్లాట్, 15 నిమిషాల ఖాళీ. ఈ ఖాళీలో ఫిల్టర్ నీటిని శుభ్రం చేసేయదు. అందరూ పైకి వచ్చారో లేదో తలలు లెక్కపెట్టడానికి, అడుగు చూడటానికి, క్లోరిన్ కొలవడానికి అది. స్లాట్‌కో రంగు రిస్ట్‌బ్యాండ్ ఇస్తే ఎవరు దిగాలో ఎవరు దిగకూడదో గేటు దగ్గరే తేలిపోతుంది. గట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా లెక్కలోకే వస్తారు, పది నిమిషాల్లో దిగేది వాళ్లే.

క్లోరిన్ కొలిచేటప్పుడు పసుపు రంగు వచ్చే ఓటీవో చుక్కలు వాడకండి, అవి మొత్తం క్లోరిన్ చూపిస్తాయి, పనిచేసేది ఎంతో చెప్పవు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ వాడండి. రద్దీకి ముందు, మధ్యలో, తర్వాత మూడుసార్లు చూడండి. ఫ్రీ క్లోరిన్ (పనిచేసే క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, సయన్యూరిక్ ఆమ్లం ఉంటే కనీసం 2. పీహెచ్ 7.2 నుంచి 7.6. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే మిగిలేది కంబైన్డ్, అది 0.4 దాటితే లోడు ఎక్కువైనట్టు.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి జరిగినా, లోపల ఎనిమిది మందే ఉన్నా సరే, పూల్ ఖాళీ చేయించాలి: లోతు కొసన నిలబడి చూస్తే అడుగున డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనిపించకపోవడం, స్లాట్ మధ్యలో ఫ్రీ క్లోరిన్ 1 కంటే కిందికి పడిపోవడం, పంపు ఆగిపోవడం, కరెంటు పోయి జనరేటర్ పంపుకి లేకపోవడం, గార్డ్ తన చోటు నుంచి లేచి వెళ్లడం, నీళ్లలో మలం కనిపించడం. చివరిది పల్చగా ఉంటే మామూలు క్లోరిన్ మోతాదు చాలదు. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిగ్గా క్లోరిన్ ఉన్న నీళ్లలో కూడా పది రోజుల దాకా బతకగలదు, కాబట్టి సూపర్ క్లోరినేషన్ (క్లోరిన్‌ను మామూలు కంటే చాలా పెంచి గంటల తరబడి ఉంచడం) పూర్తయ్యేదాకా తెరవకూడదు. విరేచనాలైన పిల్లలను తగ్గిన తర్వాత కూడా రెండు వారాలు దింపొద్దని తల్లిదండ్రులకు వాట్సాప్ గ్రూపులో రాతపూర్వకంగా చెప్పండి.

బోర్డు మీద మూడు వరుసలు రాయించండి: ఒక స్లాట్‌కి 12 మంది, ఈత రాని పిల్లల బ్యాచ్ అయితే 7, రోజుకు 54. కింద ఫ్లో కొలిచిన తేదీ వేయండి. ప్రెషర్ గేజ్ శుభ్రమైన ఇసుకప్పటి అంకె కంటే 0.5 కేజీ పెరిగితే బ్యాక్‌వాష్, మూడు నెలలకోసారి ఫ్లో మళ్లీ కొలవడం, వచ్చిన అంకెను 1.7తో భాగించి బోర్డు మార్చడం మానొద్దు.